సరాసరి లెక్కలో ముందు మొత్తం రాయండి

గాజువాకలో మా ఇంటి మేడ మీద గదిలో సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా లెక్కలు చెబుతాను. వచ్చేవాళ్లలో సగం మంది తొమ్మిది, పది తరగతుల పిల్లలు. మిగతావాళ్లు డిగ్రీ అయిపోయి రైల్వేకో, బ్యాంకుకో, కానిస్టేబుల్ ఉద్యోగానికో పరీక్ష రాయబోయేవాళ్లు. పగలు ద్వారకానగర్‌లో కోచింగ్‌కి వెళ్లి, అక్కడ గబగబా జరిగిపోయిన పాఠాన్ని ఇక్కడ నెమ్మదిగా మళ్లీ చెప్పించుకుంటారు. ఈ రెండు రకాల వాళ్లకీ పెన్ను ఆగిపోయే చోటు ఒకటే, సరాసరి లెక్కలు. సూత్రం అందరికీ వచ్చు. అన్నీ కూడి, ఎన్ని ఉన్నాయో దానితో భాగించాలని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. కానీ "ఎనిమిది మంది సరాసరి వయసు మూడేళ్లు తగ్గింది" అని కనబడగానే దేన్ని ఎక్స్ అనుకోవాలో తెలియక టెన్షన్ పడిపోతారు.

నేను వాళ్లకి మొదట నేర్పేది ఒక అలవాటు. లెక్కలో సరాసరి అన్న మాట ఎక్కడ వస్తే అక్కడ, తర్వాతి వాక్యం చదవకముందే, పక్కన దాని మొత్తం రాసేయాలి. "30 మంది పిల్లల సరాసరి వయసు 14 ఏళ్లు" అంటే 30 × 14 = 420. రాసి ముందుకు కదలాలి. "టీచర్‌ని కూడా కలిపితే సరాసరి 15 అయింది" అంటే ఇప్పుడు 31 మంది, కాబట్టి 31 × 15 = 465. రెండు మొత్తాలూ పక్కపక్కనే కనబడుతున్నాయి. తేడా 45. టీచర్ వయసు 45 ఏళ్లు. ఎక్స్ అవసరమే రాలేదు.

సరాసరి చేతికి చిక్కదు, మొత్తం చిక్కుతుంది. మొత్తానికి ఒకటి కలపొచ్చు, ఒకటి తీయొచ్చు, ఒకరిది తీసి ఇంకొకరిది పెట్టొచ్చు. నా దగ్గరికి వచ్చినవాళ్లు మొదటి వారమంతా జవాబు రాయకపోయినా నేనేమీ అనను. మొత్తం రాయకపోతే మాత్రం నోటు పుస్తకం వెనక్కి ఇచ్చేస్తాను.

రెండో మెట్టుకి చింతపిక్కలు కావాలి. మా గదిలో ఒక స్టీలు డబ్బా నిండా ఉంటాయి. కొత్తగా చేరినవాళ్లు, ఉద్యోగానికి చదివే పెద్దవాళ్లయినా సరే, నేల మీద కూర్చుని మూడు కుప్పలు పెట్టాలి: 3, 7, 8. కూడకుండా, భాగించకుండా, చేత్తో జరిపి మూడు కుప్పలనీ సమానం చేయమంటాను. కాసేపు అటూ ఇటూ జరిపాక, 8 కుప్పలోంచి రెండు, 7 కుప్పలోంచి ఒకటి తీసి చిన్న కుప్పలో వేస్తారు. మూడూ 6 అవుతాయి. అప్పుడు అడుగుతాను, ఎక్కువ ఉన్నచోటి నుంచి ఎన్ని వెళ్లాయి? మూడు. తక్కువ ఉన్నచోటికి ఎన్ని చేరాయి? మూడు. సరాసరికి పైన ఉన్న మిగులూ, కింద ఉన్న లోటూ ఎప్పుడూ సమానమే. పదో తరగతి పుస్తకంలో విచలనం అని చదివి భయపడేది ఈ మిగులు, లోటు గురించే.

తర్వాత నాలుగో కుప్పగా 10 పిక్కలు పెడతాను. ఇప్పుడు నాలుగూ సమానం చేయాలి. కొత్త కుప్ప తన దగ్గర 6 ఉంచుకుంటే నాలుగు మిగులు. ఆ నాలుగూ ఎంతమందికి పంచాలి? ఇక్కడ పదిమందిలో ఎనిమిది మంది "ముగ్గురికి" అంటారు. పోయిన ఏడాది హార్బర్ వైపు నుంచి మా వీధిలో వాళ్ల అమ్మమ్మ ఇంటికి వచ్చి చదువుకునే అమ్మాయి ఒకతె ఉండేది. వాళ్ల నాన్న వేటకి వెళతాడు. ఆ అమ్మాయి పిక్కలు చేతిలో పట్టుకుని ఆగిపోయి, "ఏటి మేడమ్, కొత్తగా వచ్చినోడు కూడా వాటాకి వస్తాడా?" అంది. వస్తాడమ్మా. నాలుగు మిగులు నలుగురికి పంచితే తలా ఒకటి, అందరూ 7. ఆ ఒక్క ప్రశ్నతో గదిలో ఉన్నవాళ్లందరికీ సగం పాఠం అర్థమైపోయింది. ఇప్పటికీ కొత్త బ్యాచ్‌కి ఈ చోటు చెప్పేటప్పుడు అదే మాట వాడతాను: కొత్తగా వచ్చినోడు కూడా వాటాకి వస్తాడు.

ఈ కళ్లతో టీచర్ లెక్క మళ్లీ చూడండి. కొత్త సరాసరి 15. టీచర్ తన కోసం 15 ఉంచుకోవాలి, 30 మంది పిల్లలకీ తలా 1 ఇవ్వాలి. 15 + 30 = 45. నోటితోనే వచ్చేసింది. కోచింగ్ వాళ్లు షార్ట్‌కట్ అని బట్టీ పట్టించేది దీన్నే. అయితే బట్టీ పట్టినవాడు టీచర్ వచ్చినప్పుడు సరిగ్గా చేసి, టీచర్ వెళ్లిపోయినప్పుడు తప్పు చేస్తాడు. పిక్కలు జరిపినవాడు రెండూ చేస్తాడు.

ఒకరు వెళ్లి ఇంకొకరు వస్తే ఇంకా సులువు, ఎందుకంటే మనుషుల సంఖ్య మారదు. ఒక బోటులో 8 మంది ఉన్నారు. 52 ఏళ్ల ఆయన మానేసి, అతని స్థానంలో ఒక కుర్రాడు చేరితే సరాసరి వయసు 3 ఏళ్లు తగ్గింది. తలా 3 చొప్పున ఎనిమిది మందికి 24. మొత్తంలో 24 తగ్గిందంటే వెళ్లినాయన కంటే వచ్చినవాడు 24 ఏళ్లు చిన్న. 52 − 24 = 28. ఈ లెక్కలో అసలు సరాసరి ఎంతో ఇవ్వనే లేదు కదా అని కొందరు ఇరుక్కుపోతారు. దానితో పనే లేదు. మొత్తం ఎంత మారిందన్నదే చాలు.

కుర్రాళ్లకి క్రికెట్ లెక్క ఇస్తే కళ్లు వెలుగుతాయి. మధురవాడ స్టేడియం ఉన్న ఊరు మాది, వాళ్ల తప్పు లేదు. ఒక బ్యాట్స్‌మన్ పన్నెండో ఇన్నింగ్స్‌లో 74 కొడితే అతని సరాసరి 3 పెరిగింది, కొత్త సరాసరి ఎంత? (అన్ని ఇన్నింగ్స్‌లోనూ అవుటయ్యాడనే అనుకుంటున్నాం.) ఆ 74లోంచి పన్నెండు ఇన్నింగ్స్‌కీ తలా 3 పంచాడు, అంటే 36. ఇక మిగిలినది 38, అదే పాత సరాసరి. కొత్తది 41. సరిచూడండి: 11 × 38 = 418, దానికి 74 కలిపితే 492, పన్నెండుతో భాగిస్తే 41. సరిచూడటం అన్నది టైమ్ ఉంటే చేసే పని అనుకోవద్దు. లెక్కలో అదీ ఒక భాగమే.

క్రికెట్ సరాసరిలో ఒక మెలిక ఉంది. అక్కడ పరుగుల మొత్తాన్ని ఆడిన ఇన్నింగ్స్‌తో కాదు, అవుటైన సార్లతో భాగిస్తారు. 40, నాటౌట్ 60, 20 అంటే మొత్తం 120, అవుటైంది రెండుసార్లు, సరాసరి 60. డాన్ బ్రాడ్‌మన్ టెస్టుల్లో 80 ఇన్నింగ్స్ ఆడి, 10 సార్లు నాటౌట్‌గా నిలిచి 6996 పరుగులు చేశాడు. 6996ని 70తో భాగిస్తే 99.94. 1948లో ఓవల్‌లో చివరి ఇన్నింగ్స్‌కి దిగేటప్పటికి అతను 69 సార్లు అవుటయ్యాడు, పరుగులు అవే 6996. అప్పటికి సరాసరి 101 దాటి ఉంది. ఆ ఇన్నింగ్స్‌లో అవుటైనా సరాసరి 100 ఉండాలంటే ఎన్ని కొట్టాలి? ఈ ప్రశ్న నేను బోర్డు మీద రాసి వదిలేస్తాను. 70 × 100 = 7000, ఉన్నవి 6996, కావలసినవి నాలుగు. అతను సున్నాకి అవుటయ్యాడు. సున్నాతో మొత్తం మారలేదు, భాగించే సంఖ్య మాత్రం ఒకటి పెరిగింది. "సున్నా కదా, లెక్కలోకి తీసుకోవాలా మేడమ్?" అని అడిగే పిల్లలకి ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

ఇంకో సందేహం కూడా ఇక్కడే తీరుతుంది. 2019 అక్టోబర్‌లో మన విశాఖలోనే దక్షిణాఫ్రికా మీద టెస్టులో రోహిత్ శర్మ 176, 127 కొట్టాడు, రెండుసార్లూ అవుటయ్యాడు. ఆ మ్యాచ్‌లో అతని సరాసరి 151.5. అరపరుగు ఎవరూ తీయరు. అయినా సరాసరి అలా రావచ్చు. "పిల్లల సంఖ్య సరాసరి 2.4 వచ్చింది, ఎక్కడో తప్పు చేశాను" అని సరైన జవాబుని కొట్టేసినవాళ్లని చూశాను. దశాంశం వచ్చిందని భయపడకండి.

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ మార్కులు పోయే చోటికి వద్దాం. సరాసరులకి సరాసరి తీయడం. ఈ తప్పు నేనూ చేశాను. టీచర్‌గా చేరిన మొదటి ఏడాది, ఒక ప్రైవేటు స్కూల్లో, రెండు సెక్షన్ల ఫలితం కలిపి చెప్పమన్నారు. ఏ సెక్షన్‌లో 40 మంది, సరాసరి 60 మార్కులు. బీ సెక్షన్‌లో 20 మంది, సరాసరి 75. రెండూ కూడి రెండుతో భాగించి 67.5 అని రిజిస్టర్‌లో రాసి సంతకం పెట్టాను. సాయంత్రం ఇంటికి వచ్చి కాగితాలు సర్దుతుంటే తట్టింది. 40 మంది మాటా, 20 మంది మాటా సమానంగా ఎలా చెల్లుతుంది? మొత్తాలు వేశాను: 2400, 1500, కలిపితే 3900. పిల్లలు 60 మంది. సరాసరి 65. మర్నాడు పొద్దున్నే వెళ్లి దిద్దాను గానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మొత్తాలు రాసే అలవాటుని నేను ఇంతగా పట్టించడానికి కారణం ఆ రోజే.

దీన్ని పిక్కలతో చూస్తే ఇలా ఉంటుంది. బీ సెక్షన్ పిల్లల దగ్గర 60కి పైన తలా 15 మిగులు, 20 మందికి 300. ఆ 300ని మొత్తం 60 మందికీ పంచితే తలా 5. అందుకే 65. ఎప్పుడూ జవాబు ఎక్కువమంది ఉన్న వైపుకే జరుగుతుంది. ఇది గుర్తుంటే నాలుగు ఆప్షన్లలో రెండిటిని చూడగానే కొట్టేయొచ్చు.

రైతుబజార్‌లో టమాటా కొన్నా ఇదే. 30 రూపాయల రకం 2 కిలోలు, 20 రూపాయల రకం 3 కిలోలు తీసుకుంటే మొత్తం 120 రూపాయలు, 5 కిలోలు, కిలో సగటున 24 పడింది. 25 కాదు. సంచిలో చవక రకం ఎక్కువ ఉంది కాబట్టి ధర అటు జరిగింది.

వేగం లెక్కలో ఈ తప్పు దాక్కుని ఉంటుంది, అందుకే అక్కడ ఎక్కువమంది పడతారు. బీచ్ రోడ్డు మీద భీమిలికి స్కూటీ మీద వెళ్లారనుకోండి, దూరం లెక్క కోసం 30 కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు గంటకి 30 కిలోమీటర్ల వేగం, వచ్చేటప్పుడు 60. సరాసరి వేగం 45 అని అందరూ రాస్తారు. మొత్తాలు రాయండి. వెళ్లడానికి గంట, రావడానికి అరగంట, మొత్తం గంటన్నర. దూరం 60. 60ని 1.5తో భాగిస్తే 40. నెమ్మదిగా ఎక్కువసేపు ప్రయాణించాం కాబట్టి సరాసరి నెమ్మది వైపుకి జరిగింది. సెక్షన్లలో పిల్లల సంఖ్య చేసిన పనిని ఇక్కడ సమయం చేస్తోంది. అదే లెక్కలో "గంటసేపు 30 వేగంతో, ఇంకో గంట 60 వేగంతో" అని ఉంటే 45 సరైనదే, ఎందుకంటే సమయాలు సమానం. ప్రశ్నలో ఏది సమానమన్నారో, దూరమా సమయమా, ఆ మాట కింద గీత గీయండి.

పేపర్ దిద్దడంలో తప్పు జరిగిన లెక్కలు తేలికవే. 30 మంది సరాసరి 41 అన్నారు, తర్వాత చూస్తే ఒకరి 83ని 38గా వేశారు. మొత్తంలో 45 తక్కువ పడింది. 45ని 30 మందికి పంచితే 1.5. సరైన సరాసరి 42.5. మొత్తం 1230 అని వేసి, 38 తీసి, 83 కలిపి, మళ్లీ భాగించినా ఇదే వస్తుంది. కానీ అంత దూరం తిరగక్కర్లేదు. కలపాలా తీయాలా అన్నదొక్కటి సరిగ్గా చూసుకోండి. తక్కువ వేసుంటే పెరగాలి.

వయసుల లెక్కలో మాత్రం నిదానం కావాలి. "నాలుగేళ్ల కిందట ఆరుగురున్న కుటుంబం సరాసరి వయసు 27. తర్వాత ఒక పాప పుట్టింది. ఇప్పుడు ఏడుగురి సరాసరి కూడా 27. పాప వయసెంత?" అప్పటి మొత్తం 162. ఇక్కడే చాలామంది నాలుగు కలిపి 166 అంటారు. నాలుగేళ్లు గడిచింది ఒక్కరికి కాదమ్మా, ఇంట్లో ఆరుగురికీ. 24 కలపాలి, 186. ఇప్పటి మొత్తం 7 × 27 = 189. పాపకి 3 ఏళ్లు. నాలుగేళ్లలోపు పుట్టింది కాబట్టి 3 సరిపోతుంది. 5 వచ్చి ఉంటే ఎక్కడో తప్పు చేసినట్టే. జవాబు కథతో సరిపడిందా అని చూడటం వయసుల లెక్కల్లో చాలాసార్లు కాపాడుతుంది.

వరుస సంఖ్యలైతే సరాసరి నడిమిదే. 21, 23, 25, 27, 29కి కూడే పని లేదు, 25. 1 నుంచి 100 దాకా అయితే 50.5. దీని మీద ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

ఒకే సంఖ్య రెండుసార్లు లెక్కకి వచ్చే రకం ఒకటుంది, పరీక్షల్లో తరచుగా ఇస్తారు. వారం రోజుల సరాసరి ఉష్ణోగ్రత 33 డిగ్రీలు. మొదటి నాలుగు రోజులది 32, చివరి నాలుగు రోజులది 35. నాలుగో రోజు ఎంత? నాలుగూ నాలుగూ ఎనిమిది, వారంలో రోజులు ఏడే. నాలుగో రోజు రెండు వైపులా పడింది. 128 + 140 = 268, వారం మొత్తం 231. ఎక్కువ పడిన 37 ఆ రోజుదే. ఈ లెక్క బోర్డు మీద చెప్పేటప్పుడు ఏడు గీతలు గీసి, మొదటి నాలుగిటి కింద ఒక బ్రాకెట్, చివరి నాలుగిటి కింద ఇంకో బ్రాకెట్ వేస్తాను. నడిమి గీత కింద రెండూ పడటం కళ్లకి కనబడితే ఇక మర్చిపోరు. మీరూ కాగితం మీద ఆ గీతలు గీయండి, పది సెకన్ల పని.

కావలసిన మార్కుల లెక్క పిల్లలు వాళ్ల కోసమే అడుగుతారు. నాలుగు సబ్జెక్టుల్లో సరాసరి 70 ఉంది, ఐదిటి మీద 75 రావాలంటే ఐదోదాంట్లో ఎంత? 375 − 280 = 95. 80 రావాలంటే? 400 − 280 = 120. వందకి 120 రాదు కాబట్టి ఆ ఆశ కుదరదు. ముందే తెలిస్తే మంచిదే.

ఏ లెక్కైనా జవాబు వచ్చాక ఒక్కసారి చూడాల్సింది, సరాసరి అన్నిటికంటే చిన్నదానికీ, అన్నిటికంటే పెద్దదానికీ మధ్యలో ఉందా అని. నాటౌట్‌లున్న క్రికెట్ సరాసరి తప్ప, ఇంకేదైనా బయటికి పోతే లెక్క తప్పు. అందులో సందేహం లేదు.

సాధన కోసం పుస్తకం కొనక్కర్లేదు. ఇంట్లో ఆరు నెలల కరెంటు బిల్లులు తీయండి. మావి జనవరి నుంచి జూన్ దాకా 142, 138, 165, 210, 226, 187 యూనిట్లు. ముందు కంటితో అంచనా వేయండి, నేను 170 అనుకున్నాను. ఇప్పుడు ఒక్కో నెలకీ 170తో తేడా రాయండి: −28, −32, −5, +40, +56, +17. లోటు 65, మిగులు 113, నికరంగా 48 మిగులు. ఆరు నెలలకి పంచితే 8. సరాసరి 178. పెద్ద సంఖ్యలు కూడనే లేదు. అంచనా 150 వేసుకున్నా, 200 వేసుకున్నా జవాబు మారదు, కావాలంటే రెండూ వేసి చూడండి.

అది వచ్చాక ఇది ప్రయత్నించండి. జూలైలో ఎన్ని యూనిట్లు కాలిస్తే ఏడు నెలల సరాసరి 175కి దిగుతుంది? పాత ఆరు నెలల దగ్గరా 175కి పైన తలా 3 మిగులుంది, మొత్తం 18. జూలై 175 కంటే అంత తక్కువ ఉండాలి. 157.